పార్ట్-బీ మీద సంతకం ఎవరిది? ఒక కమర్షియల్ దావా, ఒక జూనియర్, ఎలక్ట్రానిక్ సాక్ష్యం

ఈ దావా రాజీతో ముగిసింది కాబట్టి ఏ లా జర్నల్‌లోనూ కనిపించదు. అయినా దీన్ని వివరంగా రాయాలనిపించింది. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1న భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చిన తర్వాత మా ఆఫీసు నుంచి దాఖలైన మొదటి కమర్షియల్ దావా ఇదే. ఇరవై ఆరేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న నేను ఇందులో మూడు నాలుగు చోట్ల తప్పటడుగు వేయబోతే, ప్రతిసారీ నన్ను ఆపింది సన్నదు తీసుకుని రెండేళ్లు కూడా నిండని మా జూనియర్. పార్టీలను ఎవరూ గుర్తుపట్టకుండా వ్యాపారం వివరాలు, తేదీలు, మొత్తాలు కొంత మార్చాను. చట్టానికి సంబంధించిన సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

వాది అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ యజమాని. ప్రతివాది ఆయన దగ్గర సరుకు తీసుకునే హోల్‌సేల్ వ్యాపారి. ఇద్దరి మధ్యా రాతపూర్వకమైన ఒప్పందమంటూ ఏదీ లేదు. ఆర్డరు వాట్సాప్‌లో వచ్చేది, సరుకు లారీలో వెళ్లేది, ఇన్‌వాయిస్ ఫోటో మళ్లీ వాట్సాప్‌లోనే వెళ్లేది. 2021 జూన్ నుంచి నవంబర్ వరకు పంపిన సరుకు తాలూకు బాకీ 18,40,000 రూపాయలు. అరువుకు గడువు పెట్టుకోలేదు గనక లిమిటేషన్ చట్టంలోని ఆర్టికల్ 14 ప్రకారం సరుకు అందిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. ఆయన కాగితాల సంచీ పట్టుకుని మా మెట్లెక్కింది 2024 జూలై రెండో వారంలో. అంటే మామూలు లెక్కలో జూన్ బిల్లులకు అప్పటికే కాలదోషం పట్టింది, దావా వేసే నాటికి మరికొన్నింటికి పట్టబోతోంది. కోవిడ్ కారణంగా 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజులను సుప్రీంకోర్టు లిమిటేషన్ లెక్క నుంచి మినహాయించింది గానీ, ఆ ఒక్కదాని మీదే ఆధారపడదలచుకోలేదు.

ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం 2022 మార్చి 9న ప్రతివాది పంపిన సందేశం. "మీ లెక్క చూశాను అన్నా, పద్దెనిమిది నలభై కరెక్టే, నాలుగైదు నెలలు టైమివ్వండి" అన్నది దాని సారాంశం. ఇది బాకీని ఒప్పుకున్నట్టుగా నిలబడితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 కింద ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. నిలబడకపోతే దాదాపు ఏడు లక్షల రూపాయల బిల్లులకు ఆ మినహాయింపు ఒక్కటే దిక్కు. అందుకని మేము చేసిన పని అంతా ఈ ఒక్క సందేశం చుట్టూ తిరిగింది.

దావా విలువ మూడు లక్షలు దాటింది గనక, సరుకు అమ్మకానికి సంబంధించిన వివాదం గనక, కమర్షియల్ కోర్టుకే వెళ్లాలి. అత్యవసర ఉత్తర్వులు అడగడం లేదు కాబట్టి కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12-ఏ కింద ముందుగా మధ్యవర్తిత్వానికి దరఖాస్తు పెట్టక తప్పదు. అది తప్పనిసరి అని, లేకపోతే ప్లెయింటు, అంటే దావా పత్రం, తిరస్కరణకు గురవుతుందని సుప్రీంకోర్టు 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో తేల్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పంపిన నోటీసుకు ప్రతివాది రాలేదు, మధ్యవర్తిత్వం మొదలే కాలేదని చెప్పే నాన్-స్టార్టర్ రిపోర్టు వచ్చింది. ఈ ప్రక్రియకు పట్టిన రోజులను లిమిటేషన్ లెక్క నుంచి మినహాయిస్తారు. ఇక్కడి వరకు ఇబ్బంది లేదు.

పాత ఫారం

మా ఆఫీసు కంప్యూటర్‌లో "65-బీ" అన్న పేరుతో ఒక ఫైలు పదేళ్లుగా ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని కోర్టులో పెట్టాలంటే వెంట ఒక సర్టిఫికెట్ ఉండాలని చెప్పే సెక్షన్ అది. 2000 నాటి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం ద్వారా పాత సాక్ష్య చట్టంలోకి వచ్చిన ఆ సెక్షన్‌ను పద్నాలుగేళ్లపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పార్లమెంటు మీద దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టే సర్టిఫికెట్ లేకపోయినా వేరే మార్గంలో రుజువు చేసుకోవచ్చని చెప్పింది. 2014లో అన్వర్ వర్సెస్ బషీర్ తీర్పు దాన్ని తిరగదోడి సర్టిఫికెట్ ఉండాల్సిందేనంది. 2018లో షఫీ మొహమ్మద్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి మళ్లీ సడలించింది. 2020 జూలై 14న అర్జున్ పండిట్‌రావ్ ఖోట్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఆ సడలింపును కొట్టివేసి, అన్వర్ చెప్పిందే సరైనదని స్థిరపరిచింది. ఇన్ని మలుపులనూ కళ్లారా చూసినవాణ్ని కావడంతో ఈ విషయం నాకు బాగా తెలుసన్న ధీమా నాలో ఉండేది. ఆ ఫైలు తెరిచి, పేర్లు మార్చి ప్రింటు తీయమని జూనియర్‌కు చెప్పాను.

ఆమె ప్రింటు తీయలేదు. బేర్ యాక్టు, అంటే వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకం, పట్టుకుని వచ్చి నిలబడింది.

"సార్, ఈ ఫారం మనకి పనికిరాదేమో. కొత్త చట్టంలో షెడ్యూలు వేరుగా ఉంది."

"మెసేజులు 2022 నాటివమ్మా. అప్పటి చట్టమే వర్తిస్తుంది" అన్నాను.

ఆమె సెక్షన్ 170 తీసి నా ముందు పెట్టింది. కొత్త చట్టం అమలయ్యే నాటికి పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులు, విచారణలు, అప్పీళ్లు వగైరాలను మాత్రమే 1872 నాటి చట్టం కింద నడపాలని అందులో ఉంది. సందేశం ఎప్పటిదన్నది కాదు, ప్రొసీడింగ్ ఎప్పుడు మొదలైందన్నదే ప్రశ్న. మా దావా ఇంకా పుట్టనే లేదు. కొత్త చట్టం సెక్షన్ 63(4) కింద, దాని షెడ్యూలులో ఉన్న నమూనాలోనే సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంత స్పష్టంగా రాసి ఉన్నదాన్ని నేను చదవకపోవడానికి ఒకటే కారణం: పాతది కంఠస్థంగా వచ్చినవాడు కొత్తదాన్ని తిరగేసి చూసి, తెలిసిందే కదా అనుకుంటాడు. ఈ విషయంలో కొత్త లాయర్లకు ఒక మేలు ఉంది. మరిచిపోవాల్సినది వాళ్లకు తక్కువ.

షెడ్యూలులోని నమూనా పాత సర్టిఫికెట్‌లా సాదాసీదా పేరాలు కాదు. పార్ట్-ఏ ను పార్టీ నింపాలి. రికార్డు ఏ పరికరం నుంచి వచ్చింది, మొబైలా, పెన్‌డ్రైవా, డీవీఆరా, సర్వరా, క్లౌడా అన్నది టిక్ పెట్టాలి. తయారీ కంపెనీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎమ్‌ఈఐ రాయాలి. ఆ పరికరానికి తాను యజమానా, నిర్వాహకుడా, వాడేవాడా అన్నది చెప్పాలి. రికార్డు హాష్ విలువ (అదేమిటో కిందే చెబుతాను), దాన్ని ఏ పద్ధతిలో తీశారన్నది రాసి, హాష్ రిపోర్టు జతచేయాలి. సమయాన్ని ఇరవై నాలుగు గంటల లెక్కలో వేయాలి. పార్ట్-బీ ని నిపుణుడు నింపాలి. రికార్డును అంగీకారం కోసం సమర్పించే ప్రతి సందర్భంలోనూ ఈ సర్టిఫికెట్ వెంట ఉండాలి.

ఏ ఫోను?

పార్ట్-ఏ నింపడానికి కూర్చున్నప్పుడు జూనియర్ క్లయింటును అడిగిన మొదటి ప్రశ్న నా బుర్రకు తట్టనిది. "మెసేజ్ వచ్చిన ఫోను ఇదేనా అండీ?" కాదు. ఆయన 2023లో ఫోను మార్చారు. ఇప్పుడు జేబులో ఉన్న ఫోనులోకి పాత సంభాషణ అంతా క్లౌడ్ బ్యాకప్ నుంచి దిగింది. మనం ఈ ఫోను ఐఎమ్‌ఈఐ వేసి సందేశం ఇందులోనే అందిందన్నట్టు సంతకం పెట్టిస్తే, 2022 మార్చిలో ఈ మోడల్ మార్కెట్‌లోకే రాలేదని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్నతో తేల్చేసేవారు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేకుండానే క్లయింటు ప్రమాణపూర్వకంగా అబద్ధం చెప్పినవాడయ్యేవాడు.

పాత ఫోను ఏమైందని అడిగితే ఇంట్లో బీరువా సొరుగులో ఎక్కడో ఉందన్నారు. రెండు రోజుల తర్వాత గాజు పగిలిన ఆ ఫోను వచ్చింది. ఛార్జింగ్ పెడితే అదృష్టం కొద్దీ తెరుచుకుంది. సిమ్ లేకపోయినా 2023 వరకు వచ్చిన సందేశాలు అందులో ఉన్నాయి. మూలం అదే గనక సర్టిఫికెట్‌లో ఆ ఫోను వివరాలే వేశాము.

అసలు ఫోనునే బోనులోకి తెచ్చి చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని అర్జున్ పండిట్‌రావ్ తీర్పులోనే ఉంది కదా అని కొందరు మిత్రులు అడిగారు. నిజమే. కానీ ఎప్పుడు ఆగిపోతుందో తెలియని పాత ఫోను మీద పద్దెనిమిది లక్షల దావాను నిలబెట్టలేము. సరైన కస్టడీ నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డును ప్రాథమిక సాక్ష్యంగా చూడవచ్చని కొత్త చట్టం సెక్షన్ 57 వివరణల్లో ఉన్నా, ఎదుటివారు వివాదం చేయనంతవరకే అన్న షరతు అందులోనే ఉంది. ఎదుటివారు వివాదం చేయరని నమ్మి దావా వేసే లాయరు ఉండడు. కాబట్టి రెండు దారులూ తెరిచి ఉంచాము. సర్టిఫికెట్ సిద్ధం చేశాము, ఫోనును కవరులో పెట్టి క్లయింటు సంతకంతో భద్రపరిచాము.

ఇక హాష్ గురించి. ఒక ఫైలులో ఉన్న సమాచారమంతటినీ లెక్కలోకి తీసుకుని ఒక గణిత పద్ధతి ఇచ్చే గుర్తు అది. షా-256 పద్ధతిలో అయితే అది అరవై నాలుగు అంకెలు, అక్షరాల వరుసగా వస్తుంది. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. షెడ్యూలులో ఎమ్‌డీ5, షా-1 కూడా ఉన్నాయి గానీ, రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే గుర్తు వచ్చేలా చేయవచ్చని ఆ రెండింటి విషయంలోనూ ఎప్పుడో రుజువైంది. షా-1 సంగతి 2017లోనే బయటపడింది. ఎంచుకునే వీలున్నప్పుడు షా-256 ఉండగా వేరేది రాయడంలో అర్థం లేదు.

ఒక మంగళవారం సాయంత్రం సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి, హాష్ తీసి, కాగితం మీద రాసుకున్నాము. బుధవారం ఉదయం మా గుమస్తా, నేను చదువుకోవడానికి వీలుగా అక్షరాలు పెద్దవి చేద్దామని, అదే ఫైలును వర్డ్‌లో తెరిచి అదే పేరుతో సేవ్ చేశాడు. తెర మీద చూస్తే తేడా ఏమీ లేదు. ప్లెయింటుకు జతచేసే ముందు జూనియర్ మరోసారి హాష్ తీసి చూస్తే వరుస మొదటి అక్షరం నుంచే వేరుగా ఉంది. గుమస్తా ముఖం చిన్నబోయింది, పాపం. అది అతని తప్పు కాదు. ఫైలును ముట్టుకోకూడదని మేము చెప్పనే లేదు. మళ్లీ పాత ఫోను తెరిచి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, వెంటనే హాష్ తీసి, ఒక ప్రతిని కొత్త పెన్‌డ్రైవులో వేసి సీలు చేశాము. చదువుకోవడానికి ప్రింటు వేరుగా తీసుకున్నాము. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఇలాంటి ఫైలు ఏదొచ్చినా మూలప్రతి ఎవరూ తెరవకూడదన్నది నియమం.

నేను అడగకూడనిది అడిగిన రోజు

పార్ట్-బీ లో సంతకం పెట్టాల్సిన నిపుణుడు ఎవరన్నది సెక్షన్ 63 నిర్వచించలేదు. నిపుణుల అభిప్రాయాల గురించిన సెక్షన్ 39లోని రెండో ఉపవిభాగం ఐటీ చట్టం 79-ఏ కింద కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఎలక్ట్రానిక్ సాక్ష్యాల ఎగ్జామినర్ గురించి చెబుతుంది. మరి పార్ట్-బీ లో ఉన్న నిపుణుడూ ఆ ఎగ్జామినరేనా, లేక ఆ విద్యలో ప్రత్యేక నైపుణ్యం ఉన్న ఎవరైనా సరిపోతారా అన్న ప్రశ్న మీద బార్‌లో వాదోపవాదాలు జరుగుతూనే ఉన్నాయి. దావా దాఖలుకు వారం ఉంది. మా జూనియర్ లా కంటే ముందు కంప్యూటర్ సైన్సులో ఇంజనీరింగ్ చదివింది. హాష్ తీసిందీ ఆమే. నాకు తేలికైన దారి కనిపించింది.

"నువ్వే సంతకం పెట్టెయ్యమ్మా. నీకంటే నిపుణులు ఎవరున్నారు?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. పెద్దవాళ్ల మాట కాదనడానికి పడే ఇబ్బంది ముఖంలో కనిపించింది. తర్వాత మెల్లగా, "సార్, సంతకం పెడితే నేను సాక్షినవుతాను. వకాల్తాలో నా పేరు కూడా ఉంది" అంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలో, క్లయింటు పట్ల బాధ్యతల కింద, రూల్ 13 ఉంది. తాను సాక్షిగా రావాల్సి ఉంటుందని నమ్మడానికి కారణం ఉన్న కేసును అడ్వకేటు స్వీకరించకూడదు. స్వీకరించాక అలాంటి పరిస్థితి వస్తే, క్లయింటుకు నష్టం కలగకుండా తప్పుకునే వీలున్నప్పుడు తప్పుకోవాలి. ఆమె సంతకం పెట్టి ఉంటే ఎదుటి లాయరు ఆమెను బోనెక్కించేవాడు, సర్టిఫికెట్ పక్షపాతంతో కూడినదనేవాడు, వకాల్తా ప్రశ్న లేవనెత్తేవాడు. దావాకు జరిగే చెరుపు ఒక ఎత్తు, కెరీరు మొదట్లోనే ఆమె పేరు మీద పడే మచ్చ మరొక ఎత్తు. ఒక సీనియర్‌గా ఈ ప్రమాదాన్ని ముందుగా చూడాల్సినవాణ్ని నేను. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. జూనియర్ల చేత ఆఫీసు పనంతా చేయించుకునే అలవాటు ఏ గీత దాటిస్తుందో దాటే క్షణం వరకు తెలియదు.

చివరికి డిజిటల్ ఫోరెన్సిక్ పనిలో చాలాకాలం అనుభవం ఉన్న ఒక ప్రైవేటు ఎగ్జామినర్‌ను పెట్టుకున్నాము. ఆయన మా హాష్ మీద సంతకం పెట్టనన్నారు. ఫోను తన ముందు పెడితేనే చేస్తానన్నారు. సంతోషించాము. ఆయనే ఎక్స్‌పోర్ట్ చేసి, హాష్ తీసి, ముఖ్యమైన సందేశాలను ఫోను తెరతో ఒక్కొక్కటిగా పోల్చి చూసి, పార్ట్-బీ నింపారు. క్లయింటు అదే చోట కూర్చుని పార్ట్-ఏ నింపారు. కమర్షియల్ దావాల్లో ప్లెయింటుతో పాటే కాగితాలన్నీ పెట్టాలి. తర్వాత తెస్తామంటే సహేతుకమైన కారణం చూపి అనుమతి తీసుకోవాలి. అందువల్ల సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 రూల్ 6 కింద ఇవ్వాల్సిన ప్రమాణపూర్వక ప్రకటనతో సహా అన్నీ సెప్టెంబరు చివరి వారంలో ఒకేసారి దాఖలు చేశాము.

రాత్రి పదకొండింటికి ఒక తీర్పు

ప్రతివాది నూట ఇరవై రోజుల గడువు ఇంకా కొద్ది రోజులుందనగా తన జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంట్, వేశాడు. సందేశాలు కల్పితమని, సర్టిఫికెట్ చెల్లదని, బాకీకి కాలదోషం పట్టిందని అందులోని సారాంశం. సాక్ష్యం మొదలయ్యే ముందు రాతపూర్వక వాదన సిద్ధం చేసుకుందామని ఒక రాత్రి నేను కృత్రిమ మేధ పరికరం ఒకటి తెరిచాను. వాట్సాప్ సందేశం సెక్షన్ 18 కింద ఒప్పుకోలు అవుతుందని చెప్పిన తీర్పులు ఇమ్మని అడిగాను. క్షణంలో ఐదు తీర్పులు ఇచ్చింది, పేరాగ్రాఫు నంబర్లతో సహా. ఎంత చక్కటి భాష! వాటిని డ్రాఫ్టులో చేర్చి జూనియర్‌కు పంపి పడుకున్నాను.

ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి నా బల్ల మీద డ్రాఫ్టు ఉంది. ఐదింటిలో రెండింటికి ఎర్రగీత. సుప్రీంకోర్టు తీర్పులను ఉచితంగా చూడగల ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లోనూ, సంబంధిత హైకోర్టు వెబ్‌సైటులోనూ ఆ రెండింటి ఆచూకీ లేదు. అసలు అలాంటి తీర్పులే లేవు. మూడోది నిజమైన తీర్పే, కానీ అందులో లిమిటేషన్ ప్రస్తావనే లేదు. పేరు నిజం, చెప్పిందన్న మాట అబద్ధం. ఎర్రగీత పడాల్సింది మొదట దీనికే, ఎందుకంటే పేరు వెతికితే దొరికే తీర్పును తెరిచి చదివే ఓపిక చాలామందికి ఉండదు.

ఇలాంటివి కొత్త లాయర్లే చేస్తారని మా తరం అనుకుంటుంది. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో లేని తీర్పులు ఉదహరించినందుకు 5,000 డాలర్ల జరిమానా పడినప్పుడు, వాటిని అలాంటి పరికరం నుంచి తెచ్చింది మూడు దశాబ్దాల అనుభవం ఉన్న లాయరే.

డ్రాఫ్టు మీద ఆమె ఇంకో మాట కూడా రాసింది: "సార్, క్లయింట్ చాట్ కూడా అందులో పెట్టారా?" పెట్టాను. సారాంశం రాసిపెట్టమని మొత్తం సంభాషణను అందులో అతికించాను. అందులో క్లయింటు కుటుంబ విషయాలు కూడా ఉన్నాయి. క్లయింటు తన పని నిమిత్తం లాయరుకు చెప్పినదాన్ని అతని స్పష్టమైన సమ్మతి లేకుండా బయటపెట్టకూడదన్నది కొత్త చట్టం సెక్షన్ 132. ఆ బాధ్యత లాయరు గుమస్తాలకు, ఉద్యోగులకు కూడా వర్తిస్తుంది. ఎవరి సర్వర్లో ఉంటుందో తెలియని చోట ఆ సంభాషణను పెట్టడం బయటపెట్టడం కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు గానీ, ఆ వాదనలో ప్రతివాదిగా నిలబడటం నాకు ఇష్టం లేదు. క్లయింటును పిలిచి జరిగింది చెప్పాను. ఆయన తేలిగ్గా తీసుకున్నారు. నేను తీసుకోలేదు.

కోర్టులో

వాది తన సాక్ష్యంగా ఇచ్చే చీఫ్ అఫిడవిట్‌తో సందేశాలను మార్క్ చేయబోతే, అంటే సాక్ష్యంగా నంబరు వేయించి రికార్డుకెక్కించబోతే, ఎదుటి లాయరు వెంటనే లేచారు. నిపుణుడు 79-ఏ కింద నోటిఫై అయిన వ్యక్తి కాదు గనక సర్టిఫికెటే లేనట్టు అన్నది అభ్యంతరం. ఆయన సమయానికే లేచారు. సర్టిఫికెట్ లోపం రుజువు చేసే పద్ధతికి సంబంధించినది, దాన్ని మార్కింగ్ సమయంలోనే లేవనెత్తాలి, అప్పీలులో మొదటిసారి లేవనెత్తడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2017లో సోను వర్సెస్ హర్యానా రాష్ట్రం కేసులో చెప్పింది. న్యాయమూర్తి అభ్యంతరాన్ని నమోదు చేసుకుని, దానికి లోబడి మార్క్ చేశారు.

ఆ రోజు జవాబు చెప్పే అవకాశం జూనియర్‌కు ఇచ్చాను. "హాష్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పండి" అన్నారు న్యాయమూర్తి. ఆమె గణిత పద్ధతితో మొదలుపెట్టి బిట్లు, బ్లాకులు అంటూ ఏడెనిమిది నిమిషాలు మాట్లాడింది. చెప్పింది అక్షరాలా సరైనదే. కానీ న్యాయమూర్తి కలం కదలలేదు, బెంచి క్లర్కు తర్వాతి ఫైలు తీసి పట్టుకున్నాడు. బయటికి వచ్చాక ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఓదార్చలేదు. హాష్ అనే మాట వాడకుండా మా గుమస్తాకు అది చెప్పి రమ్మన్నాను. మూడు రోజులు పట్టింది. తర్వాతి వాయిదాలో ఆమె చెప్పింది ఇది: "పార్సిల్ మీద వేసే లక్క సీలు లాంటిదండీ. సీలు సరిగ్గా ఉంటే వేసిన తర్వాత లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదని తెలుస్తుంది. సీలు వేయకముందు లోపల పెట్టింది అసలుదా కాదా అన్నది మాత్రం సీలు చెప్పదు. దానికి ఫోనును, సాక్షిని చూడాలి." కలం కదిలింది. తన వాదన బలం ఎక్కడ ఆగిపోతుందో ఎదుటివారి కంటే ముందు తానే చెప్పడం వల్ల ఆ మాటకు బరువు వచ్చింది.

వాది తరఫు రెండో సాక్షిగా (పి.డబ్ల్యు.2) వచ్చిన ఎగ్జామినర్‌ను క్రాస్‌లో, ఆ సందేశం పంపింది నా క్లయింటేనని మీరు చెప్పగలరా అని అడిగారు. చెప్పలేను, ఆ నంబరు నుంచి వచ్చిందని మాత్రమే చెప్పగలను అన్నారాయన. సరైన జవాబు. నంబరు ఎవరిదన్నది మిగిలింది. ప్రతివాది క్రాస్‌లో ఆ ఒక్క భాగాన్ని జూనియర్‌కు అప్పగించాను. పదకొండు ప్రశ్నలు రాసుకుంది. వాటిలో తొమ్మిది ప్రతివాది తన సొంత ఖాతాదారులకు ఇచ్చిన ఇన్‌వాయిస్‌ల మీద అచ్చు వేయించుకున్న ఫోను నంబరు గురించే. ఏడో ప్రశ్నకు ఆయన ఆ నంబరు తనదేనన్నాడు. ఎనిమిదో ప్రశ్నకు సందేశం పంపి ఉండవచ్చు గానీ అది వేరే లెక్క గురించి అన్నాడు. ఆ "వేరే లెక్క" ఏమిటో రిటన్ స్టేట్‌మెంట్‌లో ఎక్కడా లేదు. మిగతా మూడు ప్రశ్నలు అడగకుండా ఆమె కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు పదేళ్లకు గానీ అబ్బలేదు.

రెండు వాయిదాల తర్వాత రాజీ ప్రస్తావన వచ్చింది. 16,50,000 రూపాయలు నాలుగు వాయిదాల్లో చెల్లించేలా ఆర్డర్ 23 రూల్ 3 కింద రాజీ డిక్రీ అయింది. కాబట్టి పార్ట్-బీ లో నిపుణుడు ఎవరన్నదానికి గానీ, వాట్సాప్ సందేశం సెక్షన్ 18 కోరే సంతకం ఉన్న రాత అవుతుందా అన్నదానికి గానీ మా దావాలో జవాబు రాలేదు. క్లయింటుకు డబ్బు వచ్చింది. లాయరుగా నాకు ఆ జవాబు రాలేదన్న వెలితి ఉంది, దాన్ని క్లయింటు దగ్గర వ్యక్తం చేయలేదు.

ఆమె దారి

దావా ముగిసే నాటికి పక్క ఆఫీసుల వాళ్లు సర్టిఫికెట్ల కోసం మా జూనియర్‌ను వెతుక్కుంటూ రావడం మొదలైంది. సైబర్ లాలో డిప్లొమా చేయమంటారా అని ఆమె అడిగింది. చేయవచ్చు, గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది. అయితే ఆమెకు పని తెచ్చింది డిప్లొమా కాదు. సీనియర్లు విసుక్కుని పక్కన పడేసే షెడ్యూలును చేతిలో ఫోను పెట్టుకుని గడి గడి నింపి చూడటం. కొత్త చట్టాలు వచ్చినప్పుడు సెమినార్లలో అందరూ సిద్ధాంతాల గురించి మాట్లాడతారు, ఫారాలు మాత్రం ఎవరో ఒకరు నింపాలి.

ఈ పని తగ్గేది కాదు, పెరిగేదే. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం సోదాలను, స్వాధీనాలను ఆడియో, వీడియోలో రికార్డు చేయాలి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటనా స్థలానికి వెళ్లాలని సెక్షన్ 176(3) చెబుతుంది, రాష్ట్రాలు దాన్ని అమలు చేయడానికి అయిదేళ్ల వరకు వ్యవధి ఉంది. అంటే చిన్న ఊళ్లలోని మేజిస్ట్రేటు కోర్టుల్లోనూ పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు వచ్చి పడతాయి. వాటిని సమర్పించేవాళ్లకీ, ప్రశ్నించేవాళ్లకీ పని ఉంటుంది.

జీతం సంగతి కూడా రాయాలి, లేకపోతే ఈ కథనం అబద్ధమవుతుంది. ఎన్‌రోల్‌మెంటు ఫీజు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి వసూలు చేయకూడదని, ఎస్సీ, ఎస్టీలకు 125 అని సుప్రీంకోర్టు 2024 జూలైలో గౌరవ్ కుమార్ కేసులో చెప్పింది. తలుపు దగ్గర అడ్డు తగ్గింది. లోపలికి వచ్చాక మొదటి మూడేళ్లు ఎలా బతకాలన్నదే అసలు ప్రశ్న. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసే, ఆదేశం కాదు. అది వచ్చే నాటికి నేను ఆమెకు ఇస్తున్నది అందులో సగం కంటే తక్కువ. పైగా నేర్చుకుంటోంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ని. ఈ దావాలో ఎవరు ఎవరికి నేర్పారో చూసుకున్నాక ఆ సర్దుబాటు మాట నోట రాలేదు. జీతం పెంచాను. సర్టిఫికెట్ల పని ఆమె సొంతంగా తీసుకుంటే ఆ ఫీజులో ఆఫీసుకు వాటా లేదని కూడా చెప్పాను. ఆ రెండో మాటకే ఆమె ఎక్కువ సంతోషించింది.

ఇప్పుడు ఆమె చేతిలో తన సొంత వకాల్తాతో ఒక క్రిమినల్ కేసు ఉంది, డిఫెన్స్ తరఫున. ప్రాసిక్యూషన్ పెట్టిన సీసీటీవీ పెన్‌డ్రైవుకు సర్టిఫికెట్ ఉంది, రెండు భాగాలూ నింపి ఉన్నాయి, హాష్ రిపోర్టు జతచేశామని రాసి ఉంది, జత మాత్రం లేదు. మార్కింగ్ రోజున అభ్యంతరం చెప్పకపోతే సోను తీర్పు ఆమెకు అడ్డం వస్తుంది. చెబితే, విచారణ ముగియనంతవరకు సర్టిఫికెట్ తెప్పించుకోవచ్చన్న అర్జున్ పండిట్‌రావ్ తీర్పు పట్టుకుని ప్రాసిక్యూషన్ ఆ లోపాన్ని సరిదిద్దుకుంటుంది. నిన్న సాయంత్రం నన్ను అడిగింది, మీరైతే ఏం చేస్తారని. నాలుగైదు రకాలుగా ఆలోచించి కూడా తేల్చుకోలేకపోయాను. వాయిదా వచ్చే గురువారం.